ఒకే చిహ్నము, పలు అర్థములు: కంప్యూటరు భాషలలో నొక వివాదము

చిక్కబళ్ళాపుర మండలములోని జంగమకోటె, చింతామణి, బాగేపల్లి ప్రాంతములందు పెక్కు కుటుంబములకు తెలుగు ఇంటిభాష. బడిలోను, కచేరీలోను కన్నడము వ్యవహారభాష. ఇట్లు రెండు భాషల నడుమ పెరిగినవారికి ఒకే మాట రెండర్థముల నిచ్చుట వింతగా తోచదు. 'కోడి' యను పదమును గైకొనవచ్చును. తెలుగున నది పెరటిలో మేయు పక్షి. కన్నడమున నది చెరువు నిండినపుడు మిగులునీరు పొర్లిపోవుటకై యుంచిన కట్టడము. తెలుగుదేశమున దీనినే అలుగు అందురు. కోడి కూసినదని విన్నవాడు చెరువు వైపు చూడడు. చెరువు కోడి పారినదని విన్నవాడు గంప వెదకడు. పదము ఒక్కటియే యైనను, దాని సరసన నిలిచిన పదము అర్థమును తేల్చుచున్నది. పదమునకు పలు అర్థములున్నపుడు వానిలో నొకదానిని నిర్ణయించు హేతువులను భర్తృహరి తన వాక్యపదీయమున సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మున్నగువానిగా పరిగణించి యున్నాడు.

ఇదే సమస్య కంప్యూటరు భాషలందును పుట్టినది. అందు +, *, <, & వంటి చిహ్నములు క్రియాపదముల వలె పనిచేయును. ఒక చిహ్నమునకు ఎన్ని యర్థముల నీయవచ్చును? ఆ యర్థములను నిర్ణయించు అధికారము భాషను నిర్మించినవానిదా, వాడువానిదా? వాడువాడు కొత్త యర్థము నిచ్చినపుడు, ఆ చిహ్నమును నమ్ముకొని భాషలో నేర్పడిన తక్కిన నియమముల గతి యేమి? ఈ మూడవ ప్రశ్నయే యిచట విచారణీయము.

ఇది పండితుల వినోదమునకై పుట్టిన చర్చ కాదు. ప్రోగ్రాము వ్రాసినవా డొకడు, దానిని చదివి సరిదిద్దువా డింకొకడు అగుట సర్వసాధారణము. చిహ్నమును చూచి చదువరి యనుకొన్న దొకటి, యంత్రము చేసిన దొకటి యైనచో లెక్క తప్పును. తెలిసిన తప్పును దిద్దుకొనవచ్చును. తెలియకయే సాగిన తప్పు ఖాతాలలోను, బిల్లులలోను చేరిపోవును.

బహ్వర్థ నియోగము

1957లో ఐ.బి.ఎం. సంస్థ జాన్ బాకస్ నాయకత్వమున వెలువరించిన ఫోర్ట్రాన్ భాషలోనే ఈ పద్ధతి బీజరూపమున గలదు. పూర్ణసంఖ్యలను కూడుటయు, దశాంశసంఖ్యలను కూడుటయు యంత్రమునకు వేర్వేరు పనులు. ఆ సంఖ్యలను భద్రపరచు రీతియే వేరు. అయినను రెంటికిని + గుర్తునే వాడిరి. భాగహారమున ఈ భేదము స్పష్టముగా బయల్పడును. 7ను 2చే భాగించునపుడు రెంటిని పూర్ణసంఖ్యలుగా వ్రాసిన ఫలము 3. దశాంశసంఖ్యలుగా వ్రాసిన ఫలము 3.5. గుర్తు మారలేదు, దాని కటునిటు నిలిచిన సంఖ్యల జాతి మారినది. ఇట్లు చిహ్నమున కిరువైపుల నిలుచువానిని 'అంగము' లనవచ్చును. ఒకే చిహ్నము అంగముల జాతిని బట్టి వేర్వేరు క్రియలకు పేరగుటను ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అందురు. తెలుగున దీనిని బహ్వర్థ నియోగ మనుట తగును.

క్రిస్టఫర్ స్ట్రేచీ 1967లో కోపెన్‌హేగను నగరమున నిచ్చిన ఉపన్యాసములలో ఒక్కొక్క జాతికి వేర్వేరుగా అర్థము నిచ్చు పద్ధతికిని, అన్ని జాతులకు నొకే నిర్వచనము వర్తించు పద్ధతికిని గల భేదమును నిరూపించెను. బహ్వర్థ నియోగము మొదటి తెగకు చెందినది. ఆల్గాల్ 68 భాష వాడువానికి కొత్త చిహ్నములను కల్పించుటకే గాక, ఏది ముందు ఏది వెనుక యను ప్రాధాన్యక్రమమును నిర్ణయించుటకును స్వేచ్ఛ నొసగినది. 1985లో వాణిజ్యరూపమున వెలువడిన సి ప్లస్ ప్లస్ భాషలో బ్యార్న స్ట్రౌస్ట్రుప్ మధ్యేమార్గము నవలంబించెను. చిహ్నమునకు కొత్త యర్థము నీయవచ్చును గాని, ప్రాధాన్యక్రమమును గాని, అంగముల సంఖ్యను గాని మార్చరాదు. గుణకారమెప్పుడును సంకలనమునకు ముందే జరుగును.

1995లో ప్రకటింపబడిన జావా భాష యీ స్వేచ్ఛను పూర్తిగా నిరాకరించినది. + గుర్తు సంఖ్యలను కూడుటకును, అక్షరమాలలను చేర్చుటకును భాషయే నియోగించినది. వాడువాని కాయధికారము లేదు. సి ప్లస్ ప్లస్‌లో ఈ సౌకర్యము దుర్వినియోగమగుట చూచియే దానిని విడిచితినని జావా నిర్మాత జేమ్స్ గాస్లింగ్ చెప్పియున్నాడు. దీనికి తగిన మూల్యమును చెల్లింపవలసి వచ్చినది. మిక్కిలి పెద్ద సంఖ్యలతో లెక్కచేయువారు జావాలో 'క + ఖ * గ' యని వ్రాయజాలరు. 'క కు, ఖ ను గ చే హెచ్చించి, కూడుము' అను తీరున పదములతో వ్రాయవలసి యున్నది. సూత్రము పొడవైనకొలది అర్థగ్రహణము కష్టమగును.

లఘుగణనము

ఇక వివాదమున రెండవ పక్షమగు నియమమును చూడవలెను. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టున జంగమకోటె రైతు తెచ్చిన సరకు లెక్కను యంత్రమున కప్పగించినట్లు భావింపుడు. కిలో యొక్కింటికి 500 రూపాయలకు మించి ధర పలికిన గూళ్ళను ఏరవలెను. మొత్తము రూకలను తూకముచే భాగించిన ధర వచ్చును. కాని తూకము ఇంకను నమోదు కాక సున్నగా నున్నచో, సున్నచే భాగించుట కుదరక ప్రోగ్రాము ఆగిపోవును. కావున ప్రోగ్రాము వ్రాయువాడు ఇట్లు వ్రాయును: 'తూకము సున్న కాదు, మరియు, మొత్తమును తూకముచే భాగింపగా వచ్చినది 500 కన్న హెచ్చు.'

ఇచట 'మరియు' అనునది కేవలము తర్కశాస్త్రపు సముచ్చయము కాదు. మొదటి మాట అసత్యమైనచో రెండవదానిని చూడకయే ఫలమును చెప్పుట దాని ధర్మము. రెండవదానిని చూచిన ప్రమాదము, చూడకుండుటయే రక్షణ. దీనిని షార్ట్ సర్క్యూట్ అందురు. విద్యుత్తు విషయమున ఆ మాట ప్రమాదమును సూచించును గాని, ఇచట దారిని కుదించుట యని మాత్రమే భావము. కనుక లఘుగణనమనుట యుచితము. జాన్ మెకార్తీ 1960లో ప్రకటించిన లిస్ప్ వ్యాసమున 'మరియు', 'లేదా' అనువానిని ఇట్లే నిర్వచించి, అంగములను తారుమారు చేసిన ఫలము మారవచ్చునని స్పష్టపరచెను. పై యుదాహరణమున రెండు నిబంధనలను తారుమారు చేసిన యెడల రక్షణ పోవుట ప్రత్యక్షము.

వివాద స్వరూపము

+ గుర్తునకు కొత్త యర్థము నిచ్చుట యనగా, ఆ గుర్తు కనబడినపుడు వాడువాడు వ్రాసిన యొక ప్రమేయమును పిలుచుట. ప్రమేయమును పిలుచుటకు ముందు దాని యంగములు రెండును గణింపబడవలెను. కూడిక విషయమున నిందు నష్టము లేదు. రెండు సంఖ్యలును తెలియక కూడుట యెట్లు? కాని 'మరియు' విషయమున నదియే విఘాతము. రెండవ యంగమును ముందే గణించినచో లఘుగణనము నశించును.

సి ప్లస్ ప్లస్‌లో సరిగా నిట్లే జరిగినది. ఆ భాషలో 'మరియు' అను నర్థమిచ్చు && గుర్తునకు వాడువాడు తన జాతుల విషయమున కొత్త యర్థము నీయవచ్చును; ఇచ్చిన తోడనే రెండు వైపులను గణించుట తప్పనిసరి యగును. 1996లో వెలువడిన తన గ్రంథమున స్కాట్ మేయర్స్ ఈ గుర్తునకును, 'లేదా' గుర్తునకును, కామాకును ఎన్నడును కొత్త యర్థము నీయవలదని హెచ్చరించెను. 2017 నాటి ప్రమాణమున ఎడమ యంగము ముందు, కుడి యంగము వెనుక గణింపబడవలెనను క్రమమైనను స్థిరపడినది. కాని కుడి యంగమును విడిచిపెట్టు గుణము మాత్రము తిరిగి రాలేదు. ప్రోగ్రామును చదువువానికి గుర్తు పాతదే. దాని వెనుకనున్న వాగ్దానము మాత్రము భంగమైనది.

పూర్వపక్షము

అట్లయిన 'మరియు', 'లేదా' గుర్తులకు కొత్త యర్థము నీయుటను నిషేధించిన చాలదా? పైథాన్ భాష యీ మార్గమునే యనుసరించినది. అందు 'అండ్', 'ఆర్' అనునవి చిహ్నములు గాక పదములు. వాని యర్థమును ఎవ్వరును మార్చజాలరు. అయినను ఈ నిషేధమువలన నష్టపడినవారు కలరు. వారి వాదము వినదగినది.

గణితశాస్త్రజ్ఞులు ఒక్క సంఖ్యతో గాక వేలకొలది సంఖ్యల పట్టికతో నొక్కుమ్మడి పనిచేయుదురు. మార్కెట్టున నొకనాడు పలికిన ధరలన్నియు ఒక పట్టికలో నున్నవనుకొన్నచో, 'ధరలు 400 కన్న హెచ్చు' అను ప్రశ్నకు జవాబు ఒక సత్యము గాని, ఒక అసత్యము గాని కాదు. ఒక్కొక్క ధరకు నొక్కొక్కటి చొప్పున సత్యాసత్యముల పట్టిక. అట్టి రెండు పట్టికలను 'మరియు' అను మాటతో కలుపగోరుట సహజమే గదా! సమాచారభాండాగారములకు ప్రశ్నలను నిర్మించువారును ఇదే కోరుదురు. వారి దృష్టిలో 'క మరియు ఖ' యనునది వెంటనే తేల్చదగిన సత్యము కాదు. పిదప భాండాగారమునకు పంపదగిన ప్రశ్నారూపము.

ఈ కోరికను మన్నించుటకై 2004లో గ్రెగరీ యూయింగ్ పెప్ 335 అను ప్రతిపాదనమును చేసెను. దాని తీరు గమనింపదగినది. మొదట ఎడమ యంగమును మాత్రము ప్రశ్నింతురు. అది తానొక్కతెయే ఫలమును తేల్చగలిగినచో గణన మచటితో ముగియును. రెండవదానిని చూడవలెనని యది చెప్పినచో మాత్రమే కుడి యంగము గణింపబడి, రెండవ మెట్టున ఫలము తేలును. లఘుగణనమును చంపకుండ బహ్వర్థ నియోగమును తెచ్చుటయే యిందలి యుపాయము. అయినను ఈ ప్రతిపాదనము 2012లో తిరస్కృతమైనది.

గొలుసు పోలిక

పైథాన్‌లో ఈ వివాదము మరియొక తావున ఇంకను చిక్కుపడినది. గణితమున '400 < ధర < 600' అని వ్రాయుట పరిపాటి. సి ప్లస్ ప్లస్‌లో నిట్లు వ్రాసిన 400 < ధర యను మొదటి పోలిక సత్యమైన 1గా, అసత్యమైన 0గా మారి, ఆ సంఖ్య 600తో పోల్చబడును. ధర ఎంతైనను ఫలము సత్యమే! పైథాన్ ఈ తప్పును తొలగించినది. అందు ఆ వాక్యము '400 < ధర అండ్ ధర < 600' అను దానికి సమానము. నడిమి యంగము మాత్ర మొక్కసారియే గణింపబడును. గొలుసు పోలిక యనదగిన యీ సౌకర్యము చదువరికి మిక్కిలి హితమైనది.

2001లో వెలువడిన పైథాన్ 2.1 పోలిక గుర్తులకు విస్తృతమైన బహ్వర్థత నొసగినది. పెప్ 207 అను పేర గైడో వాన్ రోసమ్, డేవిడ్ ఆషర్ అనువారు చేసిన ప్రతిపాదనము దీనికి మూలము. అప్పటినుండి < గుర్తు సత్యాసత్యముల పట్టికను ఫలముగా నీయవచ్చును. కాని గొలుసు పోలికలో కంటికి కనబడని 'అండ్' ఒకటి దాగి యున్నది. దానికి కొత్త యర్థము నీయ వీలులేదు. ఈ విధముగా, అర్థము మార్చదగిన గుర్తును, మార్చరాని పదమును కలిపి నేసిన సౌకర్య మొకటి యేర్పడినది.

దాని ఫలిత మిది. నమ్‌పై అను గణితసాధనమున ధరల పట్టికపై '400 < ధరలు < 600' అని వ్రాసిన, దాగిన 'అండ్' మొదటి ఫలపట్టికను సత్యమా, అసత్యమా యని యడుగును. పెక్కు విలువలున్న పట్టికకు అట్టి ప్రశ్న సందిగ్ధమని సాధనము దోషమును ప్రకటించి యాగును. పట్టికలో నొక్క ధరయే యున్నచో మాత్రము ఆగదు, సాఫీగా సాగిపోవును. ఒక్క ధరతో పరీక్షించి సరియని తలచిన ప్రోగ్రాము రెండు ధరలు చేరగానే కూలును. అయినను దోషము బిగ్గరగా ప్రకటింపబడుట యొక మేలు. తన సత్యత్వమును గూర్చి యేమియు చెప్పని వస్తువును పైథాన్ సత్యముగా నెన్నును. అట్టి ప్రశ్నావస్తువులు రెంటిని 'అండ్'తో కలిపిన, మొదటిది సత్యమని తలచి రెండవదానినే ఫలముగా నిచ్చును. మొదటి నిబంధన చప్పుడు లేక మాయమగును. పై దోషప్రకటనము కన్న ఈ మౌనమే ప్రమాదకరము.

ఆచరణమున పైథాన్ వాడుకరులు & గుర్తును శరణుజొచ్చిరి. అది మొదట సంఖ్యలలోని ద్విమానాంకములను కలుపుటకై యేర్పడినది. దానికి కొత్త యర్థము నీయవచ్చును. కాని దాని ప్రాధాన్యము పోలిక గుర్తులకన్న హెచ్చు. అందుచే '(400 < ధరలు) & (ధరలు < 600)' అని కుండలీకరణములతో వ్రాయవలెను. కుండలీకరణములను మరచినచో నడుమనున్న రెండు ధరలే ముందు కలిసి, వాక్యము మరల గొలుసు పోలిక యగును. ఈ యిబ్బందిని తొలగించుటకై నిక్ కోగ్లన్ 2016లో పెప్ 535 అను ప్రతిపాదనమును సిద్ధపరచెను. అది వాయిదా పడినది.

ఉత్తరపక్షము

నిషేధమును సమర్థించువారి వాదమును తక్కువ చేయరాదు. పదముల నడుమ 'మరియు' కనబడినపుడు, కుడివైపు గణింపబడునో లేదో తెలిసికొనుటకు చదువరి అంగముల పుట్టుపూర్వోత్తరములను వెదకవలసిన, ఆ భాషలో ఏ వాక్యమును తనంత తాను నిలువదు. సి ప్లస్ ప్లస్ వంటి భాషలలో అంగముల జాతి ముందే ప్రకటింపబడును గనుక వెదకుటకైన నొక చోటున్నది. పైథాన్‌లో జాతి నడకలోగాని తేలదు. అచట వెదకుటయు కష్టమే.

అయినను నిషేధమొక్కటియే దిక్కు కాదని మరికొన్ని భాషలు నిరూపించినవి. 2002లో తొలి సంచికగా వెలువడిన సి షార్ప్ భాషలో && గుర్తునకు నేరుగ అర్థము నీయరాదు. దానికి బదులు, వస్తువు ఎప్పుడు అసత్యమగునో, ఎప్పుడు సత్యమగునో తెలుపు రెండు ప్రమేయములను, & గుర్తునకు అర్థమును వాడువాడు వ్రాయవలెను. ఎడమ యంగము అసత్యమని తేలినచో దానినే ఫలముగా నిచ్చి యాగుట, లేనిచో & గుర్తుతో రెంటిని కలుపుట భాషయే చేయును. సత్యము, అసత్యము, అవిదితము అను మూడు విలువలు గల తర్కమును భాండాగారముల కొరకు ఈ విధముననే యందు నిర్మించిరి. అర్థము వాడువానిది, క్రమము భాషది.

2014లో వచ్చిన స్విఫ్ట్ భాష మరియొక త్రోవ త్రొక్కినది. అందు && గుర్తు సామాన్య ప్రమేయమే. కాని దాని కుడి యంగము గణింపబడిన విలువగా గాక, అవసరమైనపుడు గణింపదగిన మూటగా నందింపబడును. ఆ మూటను విప్పుటయు, విప్పకుండుటయు ప్రమేయము నిర్ణయించును. హాస్కెల్ భాషలో నైతే ఏ యంగమైనను అవసరమైనపుడే గణింపబడుట స్వభావము గనుక ఈ వివాదమునకే తావు లేదు.

కావ్యసామ్యము

తెలుగు సాహిత్యమున ఈ విషయమునకు దగ్గరగా నుండు నుదాహరణము ద్వ్యర్థి కావ్యము. 16వ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెను. అందు ఒకే పద్యము రామాయణ కథను, భారత కథను చెప్పును. శ్లేష యచట రెండు విధములు. పదమును విరువకయే రెండర్థములు వచ్చిన అభంగము. వేర్వేరుగా విరిచిన వచ్చునది సభంగము. అభంగశ్లేష సామాన్య బహ్వర్థ నియోగము వంటిది. సభంగశ్లేష ప్రాధాన్యక్రమమును కూడ మార్చుట వంటిది. కావుననే దానిని గ్రహించుట మరింత కష్టము.

ఈ సామ్యమున రెండంశములు గమనింపదగినవి. అర్థములు రెండైనను ఛందస్సు ఒక్కటియే. ఒక యర్థమునకు యతి చెల్లి రెండవ యర్థమునకు చెల్లకపోవుట యుండదు. రెండవది, కావ్యము పేరే చదువరిని హెచ్చరించుచున్నది. రెండు కథలున్నవని తెలిసియే యతడు పుస్తకము తెరచును. తెలియక చదివినవానికి శ్లేష అలంకారము కాదు, అయోమయము.

సిద్ధాంతము

ఇంతవరకు విచారించిన దానినుండి మూడు నియమములు తేలుచున్నవి.

మొదటిది: చిహ్నమునకు కొత్త యర్థము నీయవచ్చును గాని, అది పాత యర్థమునకు చుట్టమై యుండవలెను. సంబంధము దూరమైనచో కొత్త చిహ్నమును కల్పించుటయే మేలు. పట్టికలను అంగక్రమమున హెచ్చించుటకును, మాత్రికల గుణకారమునకును * ఒక్కటియే చాలక చిక్కులు పుట్టినపుడు, నాథానియెల్ స్మిత్ 2014లో చేసిన ప్రతిపాదనము ననుసరించి, 2015 నాటి పైథాన్ 3.5లో మాత్రికలకై @ గుర్తును ప్రత్యేకించిరి.

రెండవది: ఏ యంగము ముందు, ఏది వెనుక, ఏది ఎన్నిసార్లు, ఏది అసలు గణింపబడదు అను క్రమము భాష చదువరికి చేసిన వాగ్దానము. బహ్వర్థ నియోగము దానిని మార్చరాదు. వాడువానికి స్వేచ్ఛ నీయదలచిన యెడల సి షార్ప్ వలెనో, స్విఫ్ట్ వలెనో ఆ వాగ్దానమును నిలుపు సాధనమును కూడ నీయవలెను.

మూడవది: వాగ్దానమును నిలుపజాలని చోట భాష వెంటనే దోషమును ప్రకటించి యాగవలెను. రెండు ధరల పట్టికపై ఆగిన ప్రోగ్రాము వాడువానిని విసిగించును. మొదటి నిబంధనను మ్రింగి సాగిన ప్రోగ్రాము వానిని మోసగించును.

ఈ మూడింటిలో రెండవదియే ముఖ్యము. మొదటి దానిని అతిక్రమించిన చదువుట కష్టమగును. రెండవదాని నతిక్రమించిన సున్నచే భాగింపకుండ కాపాడిన కావలియే లేచిపోవును. పైథాన్ నిర్మాతలు ఆ కావలిని కాపాడుకొనిరి. అందుకు గణితజ్ఞులు నేటికిని కుండలీకరణముల రూపమున సుంకము చెల్లించుచున్నారు. సుంకము న్యాయమా యనుటలో అభిప్రాయభేదమునకు చోటున్నది. కావలి యావశ్యకమా యనుటలో మాత్రము లేదు.